జాలిమార్కులు

పండ్రెండు సంవత్సరముల క్రిందట మేమొక విద్యార్థికి నూటికి 35 మార్కులు వేసితిమి. ఆ 35లో అతడు సంపాదించుకొన్నవి ఎన్ని, మేము జాలిపడి కలిపినవి ఎన్ని యని ఇప్పుడెవరైన అడిగినచో నిజము చెప్పుటకు మాకు సిగ్గగును. అయినను ఆ సంగతి ఈ పత్రికలో వ్రాయవలెనని చాలకాలముగ అనుకొనుచున్నాము. మా విద్యార్థులును, వారి తల్లిదండ్రులును, మాతోడి ఉపాధ్యాయులును చదువు పత్రిక యిది. మేము చేసిన తప్పు వారు చేయకుందురు గాక యని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము తెలుగు పండిత శిక్షణ పొందినది ఆంధ్రదేశమున. పాఠ్యప్రణాళిక వ్రాయుట, నల్లబల్లపై గుండ్రని అక్షరములు దిద్దుట, పద్యమును రాగముతో చదువుట అచట నేర్చుకొంటిమి. చూపులేని పిల్లవాడు మొదటి వరుసలో కూర్చున్నచో ఏమి చేయవలెనో నేర్చుకొన్నట్లు మాత్రము మాకు జ్ఞాపకము లేదు. శిక్షణ ముగించుకొని మా పూర్వులు స్థిరపడిన ఈ నేలకు తిరిగివచ్చి, మొదట మధుర ప్రాంతమునను, పిదప కోయంబత్తూరు ప్రాంతమునను తెలుగు చెప్పుచు వచ్చితిమి. ఈ రెండు ప్రాంతముల తెలుగువారిలో పెక్కుమంది విజయనగర రాజుల కాలమునను, మధుర నాయకరాజుల కాలమునను ఇటు తరలివచ్చినవారి సంతతివారు. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము. మాట వచ్చును గాని అక్షరము రాని ఇండ్లు అనేకము. అట్టి యిండ్లనుండి వచ్చు పిల్లలకు తెలుగు అక్షరము నేర్పుటయే మా వృత్తి.

మధుర ప్రాంతమున మేము పని చేయుచుండగా తొమ్మిదవ తరగతిలో ఒక బాలుడు చేరెను. పుట్టుకతోనే చూపు లేదు. తండ్రి మగ్గము నేయును. తల్లి మల్లెపూలు కట్టి అంగడికి పంపును. బాలుడు ప్రాథమిక తరగతులు చూపులేని పిల్లల బడిలో తమిళమున చదివెను. ఇంటి భాష చదువుకొనవలెనని తానే పట్టుపట్టి మా బడికి వచ్చెను. అతనిని చూచి మా మనస్సు కరిగెను. ఆ కరగుటయే మా తప్పునకు మొదలు.

మేము ఏమి చేసితిమో దాచక చెప్పెదము. ఛందస్సు అతనికి వలదంటిమి. గురులఘువుల గుర్తులు నల్లబల్లపై వేయుదుము గదా, అవి అతడెట్లు చూచును? వ్యాకరణములో సంధులు చాలును, సమాసములు అక్కఱలేదంటిమి. పద్యములు పదింటికి రెండు వచ్చిన చాలునంటిమి. వాచకమంతయు తరగతిలో ఇతరులు చదువుచుండగా అతడు వినుచు కూర్చుండెను. ప్రశ్న అడుగుట వచ్చినప్పుడు అతని వరుస దాటి పోయితిమి. ఇదంతయు మా మంచితనమనియే మేము నమ్మియుంటిమి. సంవత్సరాంత పరీక్షలో అతడు చెప్పగా వ్రాయుటకు ఒక చిన్న తరగతి విద్యార్థిని కూర్చుండబెట్టితిమి. ఆ చిన్నవాడు అతడు చెప్పినది కొంత, తనకు తెలిసినది కొంత వ్రాసినట్లు కాగితము చూడగనే తెలిసెను. తెలిసియు ఊరకుంటిమి. కూడిన మార్కులు ముప్పదికి లోపల ఉండెను. అటునిటు సవరించి 35 చేసితిమి.

ఫలితములు చెప్పిన దినమున అతని తల్లి వచ్చి, "పాసాయెను గదయ్యా, అంతే చాలు మాకు" అని కన్నీరు పెట్టుకొనెను. మేము బాలుని భుజము తట్టి, "బాగుగ చేసితివి నాయనా" అంటిమి. అతడు తల వంచుకొని కొంతసేపు నిలిచి, తల్లి కొంచెము దూరము పోయిన పిమ్మట మెల్లగ అడిగెను:

"అయ్యా, నా పక్కన కూర్చునేవాడికి కూడా ముప్పైఅయిదే వచ్చెనంట. వాడిని తిట్టినారు. నన్ను భుజం తట్టినారు. ఎందుకయ్యా?"

మేము సమాధానము చెప్పలేకపోతిమి. "పోయి రా నాయనా, మీ అమ్మ పిలుచుచున్నది" అని మాట తప్పించితిమి.

ఆ వేసవి సెలవులలో ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. ప్రక్కవానిని ఎందుకు తిట్టితిమి? వానికి 60 రాగలదని మేము నమ్మితిమి గనుక. ఇతని భుజమెందుకు తట్టితిమి? ఇతనికి 35 కూడ రాదని నమ్మితిమి గనుక. తిట్టుటలో నమ్మకమున్నది, తట్టుటలో లేదు. ఆ తేడా మాకు కనబడలేదు. చూపులేని బాలునికి కనబడెను.

ఇంతకంటె బాధాకరమైన విషయ మొకటి కలదు. ఈ అనుభవము మాకు క్రొత్తది కాదు. ఈ నాట తెలుగు చదువు పిల్లలను చూచి ఇతరులు పలుకు మాట మన మందఱము విన్నదే: "పాపము, తెలుగు మాధ్యమపు పిల్లలు, పాసైన చాలును." ఆ మాట విన్నప్పుడు మనకు ఎంత రోషము కలుగును! తమిళనాట 2006లో తమిళాభ్యసన చట్టము వచ్చిన తరువాత మన పిల్లలు ఇంటి భాషతోపాటు తమిళమును, ఆంగ్లమును మోయుచు చదువుచున్నారు. వారిపై భారమెక్కువ యని చెప్పిన ఒప్పుకొందుము. వారికి తెలివి తక్కువ యన్న ఒప్పుకొనము. అట్టి మనమే మన బడిలోని ఒక పిల్లవానికి భారమెక్కువ యని చెప్పుటకు బదులు, చదువు తక్కువ చాలునని తీర్మానించితిమి.

బడి తెఱచిన దినమున అతనిని పిలిచి, "ఈ సంవత్సరము నీకు మినహాయింపు లేమియు లేవు. ఛందస్సు కూడ చదువవలెను" అని చెప్పితిమి. అతని ముఖమున భయమును చూచితిమి. దానితోపాటు ఒక వెలుగును కూడ చూచితిమి.

చెప్పితిమి సరే, ఎట్లు నేర్పుట? అప్పుడు మాకు మఱియొక సిగ్గు కలిగెను. ఛందస్సు అసలు కంటి విద్యయే కాదు, చెవి విద్య. నల్లబల్లపై మేము గీయు గుర్తులు చెవికి విన్నదానిని కంటికి చూపుటకు మనము పెట్టుకొన్న సాధనములు మాత్రమే. ఒక లఘువు పట్టు కాలము కనురెప్పపాటనియు, చిటికె వేయునంత యనియు పెద్దలు చెప్పుదురు. కనురెప్ప పనికిరానిచోట చిటికె యున్నది గదా! అతని బల్లపై గురువునకు అరచేయి, లఘువునకు చూపుడు వ్రేలు అని ఏర్పాటు చేసికొంటిమి. 'కోకిల' యనగా ఒక అరచేయి, రెండు వ్రేళ్లు, అది భగణము. ఒక వారము గడచెనో లేదో అతడు మమ్ము ఆపి, "అయ్యా, మనము మధుర అంటే నగణము, తమిళవాళ్లు మదురై అంటే సగణము. ఊరు ఒకటే, గణము మారిపోయె" అని నవ్వెను. ఇన్నియేండ్లు ఆ యూరిలో ఛందస్సు చెప్పిన మాకు ఆ సంగతి తోచనేలేదు.

మూడు మాసములకు ఉత్పలమాలకును చంపకమాలకును భేదము ఒక్క పాదము వినగనే చెప్పుచుండెను. యతి తప్పినచో అతని వ్రేలు బల్లపై ఆగిపోయెడిది. తరగతిలోని తక్కినవారు కాగితముపై గుర్తులు పెట్టుచు లెక్కించుచుండగా అతడు ముందుగ చెప్పెడివాడు. చివరకు మేము తరగతి యంతటికిని అరచేయి, వ్రేలు పద్ధతినే పెట్టితిమి. అతని కొఱకు వెదకిన దారి అందఱికిని దగ్గఱ దారి యయ్యెను.

ఇట్టిదే ఇంకొక సంగతి. తమిళపు బ్రెయిలు నేర్చిన పిల్లవానికి మరల తెలుగు బ్రెయిలు నేర్పుట రెండింతల భారమని మేము భయపడితిమి. ఆ భయము వట్టి అజ్ఞానము. ఫ్రాన్సు దేశమున లూయీ బ్రెయిలు ఆఱు చుక్కలతో కల్పించిన లిపిని మన దేశభాషల కన్నింటికి ఒక్క తీరుగ అమర్చి, 1951లో భారతీ బ్రెయిలు అను పేర అంగీకరించిరి. తెలుగు 'క' వ్రాసినను తమిళ 'క' వ్రాసినను చుక్కలు అవే: ఒకటి, మూడు. తెలుగున ఖ, గ, ఘ వంటి అక్షరములు అదనముగ నేర్చుకొనవలెను. ఒత్తు క్రిందికి దిగదు. అక్షరముల వరుసలోనే నడచును. కనుక కన్నులున్న మన పిల్లలకు తమిళ లిపి వేఱు, తెలుగు లిపి వేఱు. ఆ బాలునికి రెండును ఒకే యింటి గదులు. మేము భారమనుకొన్నచోట అతనికి సౌలభ్యముండెను. దీనివలన మేము నేర్చినది యేమనగా, విద్యార్థిపై మనము పెట్టుకొను ఆశ తగ్గునప్పుడు చాలమారులు తక్కువైనది వాని శక్తి కాదు, మన తెలివిడి.

మధురలో నున్నవారికి దీనికి నిదర్శనము దూరమున వెదకనక్కఱలేదు. అరవింద కంటి ఆసుపత్రిని స్థాపించిన డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు 1918లో ఎట్టయాపురము సమీపమునగల వడమలాపురమను పల్లెలో జన్మించిరి. వైద్యులై సైన్యమున పని చేసి, ముప్పదియేండ్ల ప్రాయమున కీళ్లవాతముచే మంచము పట్టిరి. చేతివ్రేళ్లు వంకరలై బిగిసిపోయెను. స్త్రీల వైద్యము, ప్రసూతి వైద్యము చేయదలచిన ఆయన ఆ మార్గము విడిచి కంటివైద్యము చదివిరి. ఆ వంగిన వ్రేళ్లతోనే కత్తి పట్టుట అభ్యసించిరి. తమ చేతికి తగినట్లు పనిముట్లు చేయించుకొనిరి. ఉద్యోగ విరమణానంతరము 1976లో 11 పడకలతో ఆసుపత్రి ప్రారంభించిరి. 2006లో పరమపదించునాటికి ఆయన స్వహస్తముతో చేసిన కంటి శస్త్రచికిత్సలు లక్షకు పైబడినవి.

ఇందు గమనింపదగినది యొకటి కలదు. పనిముట్టు మారెను, పని ప్రమాణము మారలేదు. రోగి కంటిమీద కత్తి పెట్టుచోట, "పాపము, వైద్యుని వ్రేళ్లు వంకర, సగము పొర తీసిన చాలును" అని ఎవరు అనగలరు? అచట జాలిమార్కులకు చోటులేదు. బడిలో మాత్రము ఎందుకుండవలెను?

ఆంధ్రదేశమునుండి మఱియొక నిదర్శనము. మచిలీపట్టణము సమీపమున సీతారామపురమున 1991లో పుట్టిన బొల్లా శ్రీకాంతు గారికి పుట్టుకతో చూపు లేదు. పదవ తరగతి తరువాత విజ్ఞానశాస్త్రము చదువుదునన్నప్పుడు, అందు పటములు, రేఖాచిత్రము లుండును గనుక చూపులేనివారికి తగదని అనుమతి నిరాకరింపబడెను. ఆయన న్యాయస్థానమునకు పోయి అనుమతి సాధించెను. పాఠములను ధ్వనిరూపమున విని చదివి, పండ్రెండవ తరగతిలో 98 శాతము మార్కులు పొందెను. పిదప అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో, విదేశములనుండి వచ్చిన చూపులేని విద్యార్థులలో మొదటివాడుగ, చదివి, 2012లో హైదరాబాదున పరిశ్రమ స్థాపించెను. ఆయన చరిత్రము 2024లో చలనచిత్రముగ కూడ వచ్చినది. అందఱును శ్రీకాంతులు కానక్కఱలేదు. కాని తలుపు మూసినచో శ్రీకాంతు ఎవడో, కానివాడెవడో మనకెట్లు తెలియును?

ఇంతవఱకు చదివి, "అయినచో అందఱికిని ఒకే పరీక్ష పెట్టిన సరిపోవును గదా" అని తలచువా రుందురు. మేమును అట్లే తలచి రెండవ తప్పు చేసితిమి. అది కోయంబత్తూరు ప్రాంతమునకు మాఱిన తరువాత జరిగినది.

అచట ఆఱవ తరగతిలో వినికిడి మిక్కిలి తక్కువగల బాలిక యొకతె ఉండెను. చెవి యంత్రము పెట్టుకొని, ఎదుటివారి పెదవులు చూచి మాట గ్రహించును. ఆమెకు ఉక్తలేఖనము మినహాయింపుమని తోడి ఉపాధ్యాయులు సలహా యిచ్చిరి. మధుర బాలుని తలచుకొని మేము వల్లకాదంటిమి. అందఱితోపాటు పది మాటలు చెప్పితిమి. ఆమె పలక చూడగా 'పాట' యన్నచోట 'బాట', 'బడి' యన్నచోట 'మడి' యని యుండెను. పదింటికి రెండే ఒప్పులు. "శ్రద్ధ చాలదు" అని వ్రాసితిమి.

ఆ రాత్రి అద్దము ముందు నిలిచి ఆ మాటలు మేమే పలికి చూచుకొంటిమి. పాట, బాట, మాట: మూడింటికిని పెదవులు ఒక్క తీరుగనే కలిసి విడిపోవుచున్నవి. ప, బ, మ లకు భేదము చెవికి తప్ప కంటికి లేదు. దానికితోడు తమిళ లిపిలో ప, బ లకు అక్షర మొక్కటియే. మేము పరీక్షించినది ఆమె అక్షరజ్ఞానమును కాదు; ఆమె చెవిని. చెవి వినదని వైద్యులు ముందే చెప్పియున్నారు. దానిని మేము మరల పరీక్షించి సున్న వేయనేల?

మరునాడు పద్ధతి మార్చితిమి. మాటలు అవే పది. కాని ఆమెకు బొమ్మయో, ఖాళీ విడిచిన వాక్యమో ఇచ్చితిమి. కోకిల ఏమి పాడునో, పిల్లలు ప్రొద్దున ఎచటికి పోవుదురో చూచి ఆ మాట వ్రాయవలెను. తొమ్మిది ఒప్పులు వచ్చెను. 'మధ్యాహ్నము' అను మాటలో హకారమునకు నావత్తు పెట్టుటకు బదులు నకారమునకు హావత్తు పెట్టెను. ఆ తప్పు తరగతిలో సగముమంది చేసినదే. అందఱికివలెనే ఆమెకును మార్కు తగ్గించి, పది మారులు వ్రాసి తెమ్మంటిమి. ఆమె ఇరువది మారులు వ్రాసి తెచ్చి, ఆ కాగితమును మా బల్లపై పెట్టి, తోడివారి కాగితముల ప్రక్కన సరిచేసి పోయెను.

కనుక మేము తెలిసికొన్నది రెండు మాటలలో చెప్పవచ్చును. చేరవలసిన చోటు అందఱికిని ఒకటిగ నుంచవలెను. చేరు దారి వాని వాని శరీరమునకు తగినట్లు వేయవలెను. మొదటి బాలుని విషయమున చోటు తగ్గించితిమి. ఆ బాలిక విషయమున దారి వేయ మఱచితిమి. రెండును తప్పులే.

బుద్ధివికాసము మందముగల పిల్లల సంగతి ఏమందురా? వారికి చేరవలసిన చోటే వేఱుగ నుండవలసివచ్చును. దీనిని కాదనుట వారికి అన్యాయము. తన పేరు తెలుగునను తమిళమునను వ్రాయుట, తాను ఎక్కవలసిన బస్సు సంఖ్య గుర్తించుట, అంగడిలో ఇచ్చిన చిల్లర సరిచూచుకొనుట అట్టి బాలునకు సంవత్సరపు గమ్యములు కావచ్చును. కాని గమ్యము వేఱైనను గమ్యమనునది ఉండవలెను. ఆషాఢమునకు ఏది, కార్తికమునకు ఏది యని వ్రాసిపెట్టుకొని, చేరినాడా లేదా యని అడుగవలెను. "పాపము, ఊరక కూర్చుండనిండు" అని వెనుకబల్లకు పంపుట ఏ గమ్యమును కాదు.

చట్టము ఈ విషయమున మనకు తోడుగనే యున్నది. 1995 నాటి వికలాంగుల చట్టమున ఏడు విధముల వైకల్యములు పేర్కొనబడగా, 2016 నాటి చట్టమున ఇరువదియొకటి పేర్కొనబడినవి. అక్షరములు తారుమారగు అభ్యసన వైకల్యము కూడ అందు చేరినది. 40 శాతమునకు తక్కువ కాని వైకల్యముగల పిల్లలకు 6 మొదలు 18 సంవత్సరముల వఱకు ఉచిత విద్య హక్కు. వ్రాత పరీక్షలలో గంటకు 20 నిమిషములకు తక్కువ కాకుండ అదనపు కాలమీయవలెనని కేంద్రప్రభుత్వము 2013లో మార్గదర్శకములు వెలువరించినది. వ్రాయుటకు చేయి సహకరింపని ఒక అభ్యర్థి వ్యాజ్యమున 2021లో సర్వోన్నత న్యాయస్థానము, లేఖకుని కోరుటకు 40 శాతపు హద్దు అడ్డు కారాదని తీర్పు చెప్పినది. చట్టము కాలమిచ్చును, లేఖకుని ఇచ్చును. "నీకు ఇది వచ్చును, నేర్చుకొనుము" అను మాట మాత్రము ఉపాధ్యాయుడే చెప్పవలెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డకు ఇయ్యదగిన సదుపాయముల కొఱకు మమ్ము గట్టిగ అడుగుడు. మార్కుల కొఱకు అడుగకుడు. కొన్ని పరీక్షామండలులు ఇట్టి పిల్లలకు ఒక భాషను మినహాయించుచున్నవి. అవసరమైనప్పుడు అది మంచి ఏర్పాటే. కాని విడుచు భాష ఇంటి భాషయే కావలెనా యని ఒకమారు ఆలోచింపుడు. అవ్వతో మాటలాడు భాషలో బిడ్డకు అక్షరము కూడ ఉండుట చిన్న సంపద కాదు.

విద్యార్థులారా, మీకును ఒక మాట. మీ ప్రక్కన ఇట్టి మిత్రుడు కూర్చున్నప్పుడు వానికి పాఠము చదివి వినిపింపుడు. వాని లెక్క మీరు చేసి పెట్టకుడు. వానికి లేఖకులుగ కూర్చున్నచో వాడు చెప్పిన తప్పును తప్పుగనే వ్రాయుడు. అది వాని తప్పు. దిద్దుకొను హక్కు కూడ వానిదే.

ఆ మధుర బాలుడు పదవ తరగతి అర్ధసంవత్సర పరీక్షలో తెలుగున 58 తెచ్చుకొనెను. ఆ మార్కులలో మాది ఒక్కటియు లేదు. కాగితము చేతికిచ్చుచు, "సమాసములలో ఆఱు మార్కులు పోగొట్టుకొంటివి, ఇది అజాగ్రత్త" అని తరగతి యెదుటనే మందలించితిమి. అతడు, "తప్పే అయ్యా" అని కూర్చుండి, ప్రక్కవానితో, "విన్నావా, నన్ను కూడా తిట్టినారు" అని గుసగుసలాడెను. సంవత్సరాంతమున 71 తెచ్చుకొని ఉత్తీర్ణుడయ్యెను.

తొమ్మిదవ తరగతి రిజిస్టరులో మేము వేసిన 35 ఇప్పటికిని అట్లే యున్నది. దానిని దిద్దుటకు వీలులేదు. ప్రతి సంవత్సరము క్రొత్త రిజిస్టరు తెఱచి పేర్లు వ్రాయునప్పుడు ఆ అంకె మాకు జ్ఞప్తికి వచ్చును. అప్పుడు ప్రతి పేరు ముందును కొంచె మాగి, ఈ బిడ్డకు రాదని మేము ముందుగనే అనుకొన్నది ఏమైన ఉన్నదా యని మమ్ము మేము ప్రశ్నించుకొని, తరువాతి పేరు వ్రాయుదుము.